ఫోటో కోసం ఎత్తిన చేప

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక నది. మోకాళ్లలోతు చన్నీళ్లలో నిలబడి, పొద్దుటి నుంచీ పురుగులా కనిపించేలా ఈక కట్టిన గాలం విసిరి విసిరి విసిగిపోయాక ఒక ట్రౌట్ చేప పడింది. పులుసుకు సరిపోతుందని మురిసిపోయాను.

"ఇక్కడ పట్టిన చేపను వదిలేయాలి," అంది మా గైడ్ లిండా.

"వదిలేయడానికా ఇంత తంటా!" అని గొణుక్కుంటూ గాలం తీసి, ఫోటో కోసం చేపను పైకెత్తి పట్టుకున్నాను. ఒడ్డు మీద నా భార్య ఫోన్ దించేసింది. "చాలండీ, పాపం ఊపిరాడక నోరెలా తెరుస్తోందో చూడండి!"

లిండా నా చేతుల్ని నీళ్లలోకి నొక్కింది. చేప కదల్లేదు. "తల ప్రవాహానికి ఎదురుగా ఉండేలా పట్టుకోండి, మొప్పల్లోకి నీళ్లు వెళ్లాలి. అదే ఈదేదాకా వదలొద్దు."

నా గొప్ప కోసం దాని ఊపిరి తీశాననిపించింది. పొద్దుటి నుంచీ గాలానికి పడలేదని చేపల్ని తిట్టినవాణ్ణి, "వెళ్లవే తల్లీ" అని బతిమాలాను.

తోకతో నా అరచేతిని ఒక్కటి కొట్టి వెళ్లిపోయింది.