ముప్పావు అంగుళం అభ్యంతరం

ఆ రోజుల్లో చలి అంటే నాకు పెద్దవాళ్ల కబుర్లలో వినపడే మాట మాత్రమే. కాకినాడలో పుట్టి పెరిగినవాడికి అంతకన్నా ఎలా తెలుస్తుంది? మా ఇంట్లో ఊలు ఉండేది, లేదనను. మా అక్క దాంతో గుమ్మానికి తోరణం అల్లింది. ఊలు అనేది గుమ్మాలు తొడుక్కునే వస్తువని నేను నమ్ముతున్న వయసులో ఢిల్లీలో ఉద్యోగం వచ్చింది. దీపావళి వెళ్లిన కొత్తలో నాలుగు పల్చటి చొక్కాలూ, అమ్మ కట్టిచ్చిన కందిపొడి సీసా పట్టుకుని బండి దిగాను. కొన్నాళ్లకి ఒక ఉదయం నోరు తెరిస్తే ఆవిరి వచ్చింది. లోపల ఏదో ఉడుకుతోందని కంగారుపడి నోరు మూసేసుకున్నాను. ఆ పూటంతా ఆఫీసులో నన్ను చాలా నెమ్మదస్తుడనుకున్నారు.

నేనున్నది ఫరీదాబాద్‌లో మా మేనత్త ఇంట్లో. మావయ్య కేంద్ర ప్రభుత్వంలో ఆడిట్ పని చేసి రిటైరై, అక్కడే ఒక సెక్టార్‌లో చిన్న మేడ కట్టుకున్నారు. చలికాలం సెలవురోజుల్లో ఆ ఇంట్లో కాపురమంతా మేడ మీదే. పొగమంచు కరగడానికి చాలా సేపు పట్టేది. కింద వీధి కనపడేది కాదు, చుట్టూ మేడలు మాత్రం తెల్లటి నీళ్లమీద పడవల్లా తేలుతుండేవి. తర్వాత ఎక్కడినుంచో పల్చగా ఎండ వచ్చేది. నవారు మంచమ్మీద కమలాపండు తొక్కలు, వేరుశెనక్కాయలు, మధ్యలో అత్తయ్య, ఆవిడ చేతిలో రెండు సూదులు. టిక్కు టిక్కుమనే ఆ చప్పుడు వింటే చాలు, నాకు కళ్లు వాలిపోయేవి. (నా ఉద్యోగజీవితంలో మొదటి ఏడాది జ్ఞాపకాలు చాలావరకు నిద్రకీ మెలకువకీ మధ్య జరిగినవే. కొన్ని ఆఫీసులో జరిగాయి, అవి ఇక్కడ అప్రస్తుతం.)

అత్తయ్య అల్లికకి అంతు లేదు. సోఫాకి, టీవీ రిమోట్‌కి, నీళ్ల కూజాకి అన్నిటికీ తొడుగులే. పక్క మేడ మీద ఎండకి కూర్చునే పంజాబీ పెద్దావిడని అందరూ బీజీ అనేవారు. ఆవిడ మనవలందరికీ అత్తయ్య స్వెటర్లే. వీధికుక్కకి కూడా (పేరు కలెక్టరు, ఎవరొచ్చినా లేవదు) ఎర్ర గళ్ల స్వెటర్ ఉంది. కొత్తగా దిగిన నన్ను మినహాయిస్తే, ఆ ఇంటి పరిసరాల్లో అత్తయ్య అల్లిన స్వెటర్ లేని ప్రాణి ఒక్క మావయ్యే. ఆయన ఆఫీసునాటి కోటు మీద శాలువా, శాలువా మీద తువ్వాలు కప్పుకుని, పైన కోతిటోపీ పెట్టుకుని వణికేవారు. నేను లోకజ్ఞానం లేక ఒకరోజు అడిగేశాను.

"మావయ్యా, మీకు స్వెటర్ లేదా?"

సూదుల చప్పుడు ఆగిపోయింది. నాకు ఠక్కున మెలకువ వచ్చింది.

"మీ మావయ్యకి చలెయ్యదురా, రూల్సు ఒప్పుకోవు" అంది అత్తయ్య, తల ఎత్తకుండా. మావయ్య పేపరు ముఖానికి ఇంకొంచెం దగ్గరగా జరుపుకున్నారు. సూదులు మళ్లీ మొదలయ్యాయి, కాస్త గట్టిగా.

అసలు కథ ఆదివారంనాడు బయటపడింది. భోజనం పెట్టిస్తానని మావయ్య నన్ను మెట్రో ఎక్కించి ఢిల్లీలో మన తెలుగు భోజనం దొరికే అశోకా రోడ్డుకి తీసుకెళ్లారు. పప్పులో నెయ్యి పడేదాకా గుట్టు విప్పలేదు. పెళ్లయిన కొత్తలో, గవర్నమెంటు క్వార్టర్లో ఉండగా, అత్తయ్య చుట్టుపక్కలవాళ్ల దగ్గర అల్లిక నేర్చుకుని మొట్టమొదటి స్వెటర్ ఆయనకే అల్లిందట. ఇటుకరంగుది. ఆయన తొడుక్కున్నారట.

"తొడుక్కుని?"

"ఏమీ అన్లేదురా. టేపు పెట్టి కొలిచానంతే. ఎడమ చెయ్యి ముప్పావు అంగుళం ఎక్కువుందోయ్ అన్నాను. ఊరికే, రికార్డు కోసం."

ఆ సాయంత్రమే అత్తయ్య స్వెటర్‌ని దారం పట్టుకుని లాగేసి మొత్తం ఊడదీసేసిందట. ఆ తర్వాత ఆయనకి ఒక్క మేజోడు కూడా అల్లలేదు. ఈయన అడగలేదు. "ఎలా అడుగుతానురా? అడిగితే అప్పటి నా అభ్యంతరం నేనే వెనక్కి తీసుకున్నట్టు కాదూ?" అన్నారు. అంటూనే ఆవకాయ ముక్కని విస్తట్లో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నారు. "రిటైరయ్యాక చలి ఎక్కువేస్తోందిరా" అని మెల్లిగా అన్నారు. నాకు ముద్ద దిగలేదు. (కాసేపటికి దిగింది. పెరుగు చాలా బావుంది.)

వచ్చే నెలలో అత్తయ్యకి అరవై నిండుతున్నాయి. దానికి కానుక ఎంచాలి. ఆ కానుక చూడగానే ఆవిడకి ఆయన మనసు తెలియాలి, ఆయన అడిగినట్టు మాత్రం ఉండకూడదు. అదీ నాకు అప్పజెప్పిన పని. నేను ఉత్సాహంగా షోరూములో మంచి స్వెటర్ ఒకటి కొనిద్దామన్నాను. "గారెలు చేసే మనిషికి హోటల్ గారెలు పొట్లం కట్టించుకెళ్తావా?" అన్నారు. ఫోన్లో వెతికి, పిడి తిప్పితే తనంతట తనే అల్లేసే మర చూపించాను. "నన్ను ఇంట్లో ఉండనిస్తుందా?" అన్నారు. చివరికి ఊలు ఉండ దొర్లిపోకుండా పెట్టుకునే నగిషీల చెక్కగిన్నె చూపించాను. దాన్ని కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, "బావుంది. కానీ ఇందులో నా ప్రస్తావన ఎక్కడుందిరా?" అని అడిగారు. నేను ఫోను జేబులో పెట్టేశాను.

ఆఖరికి ఊలే కొనాలని తేల్చాం. మూడు దుకాణాల్లో ధర కనుక్కోకుండా ఆయన గుండుసూది కూడా కొనరు. కాబట్టి పాత బజారులో మూడు దుకాణాలు ఎక్కి, మూడుచోట్లా టీ తాగి, మళ్లీ మొదటి దుకాణానికే వచ్చాం. నేలనుంచి కప్పుదాకా ఊలే. తెల్లపరుపు మీద కూర్చుంటే చుట్టూ రంగులు, వెచ్చదనం. బయట బజారు గోల కూడా ఆ ఊలులోంచి వడకట్టుకుని మెత్తగా వస్తోంది. నాకు మామూలుగానే కునుకు పట్టింది. సగం కన్ను తెరిచి చూస్తే మావయ్య నెమలికంఠం రంగు ఊలు ఉండని, ఎవరూ చూడట్లేదనుకుని, చెంపకి ఆనించుకుని ఉన్నారు. నేను గబుక్కున మళ్లీ కన్ను మూసేశాను.

"కిస్‌కా బనేగా?" అన్నాడు దుకాణం లాలాజీ. ఎవరికి అల్లాలో తెలిస్తే గానీ ఎంత ఊలు కావాలో చెప్పలేడు కదా. పెద్దపెద్ద ఆఫీసుల్లో అధికారులని నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషి, ఆ ఒక్క ప్రశ్నకి ఎర్రబడిపోయారు. అటూ ఇటూ చూశారు. నేను కనపడ్డాను.

"ఇస్‌కా" అన్నారు, నాకేసి చూపించి.

లాలాజీ నన్ను పైనుంచి కిందికి చూసి, "దుబ్లా హై" అని జాలిగా తల ఊపి, బక్కవాడికి సరిపడా ఉండలు కట్టిచ్చాడు. బయటికొచ్చాక, "మావయ్యా, మరి మీ పొట్ట సంగతో?" అన్నాను. "నోరు ముయ్యరా, కొలతలు చెప్పుకుంటే అడిగినట్టే" అన్నారు.

పుట్టినరోజునాడు అత్తయ్య తలంటుకుని, కొత్తచీర కట్టుకుని, పరమాన్నం దేవుడికి పెట్టి వచ్చింది. మావయ్య పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టారు. అంతవరకు బాగానే జరిగింది. అప్పుడు ఆయన ధైర్యం జారిపోయింది. "అల్లుడు తెచ్చాడు" అనేశారు.

అత్తయ్య కాగితం విప్పి, ఊలుని బొటనవేలితో రాసి చూసింది. మొహం విప్పారింది. "ఎంత బావుందిరా రంగు! ఎవరికి?" అంది. మావయ్య పేపరు పైనుంచి రెండు కళ్లు నన్ను చూస్తున్నాయి. నిజం చెప్పమంటున్నాయో, వద్దంటున్నాయో నాకు అంతుపట్టలేదు. నోరు తెరిచాను. "నాకే" అని వచ్చింది. పేపరు మెల్లిగా పైకి లేచి ఆ కళ్లని కప్పేసింది.

ఆ చలికాలమంతా మావయ్య స్వెటర్ నా కొలతలతో పెరిగింది. అత్తయ్య రోజూ ఎండలో నన్ను వెనక్కి తిప్పి నిలబెట్టి అల్లినంతమేరా నా వీపుకి ఆనించి చూసేది. ఆ వెచ్చటి ఊలు వీపుకి తగిలితే నాకు నిలబడే నిద్ర వచ్చేది. కళ్లు తెరిస్తే ఎదురుగా మావయ్య తువ్వాలు సర్దుకుంటూ వేరుశెనక్కాయలు ఒలుస్తుండేవారు. ఒలిచినవన్నీ అత్తయ్య పక్కన పెట్టేవారు. నాకు సిగ్గేసేది. ఆపుకోలేక ఒకరోజు లాలాజీ దగ్గరికి పరిగెత్తాను, అదే ఊలు ఇంకాస్త తెచ్చి, మావయ్యకి కూడా ఒకటి అల్లమని నేనే అడిగేద్దామని. మనం కొన్నప్పుడు రంగువేసిన లాటు అయిపోయిందట. కొత్త లాటు తీసి వెలుతురులో నేను పట్టుకెళ్లిన పోగు పక్కన పెడితే ఇది నెమలికంఠం, అది దాని పినతల్లి కూతురు. ఉత్తచేతులతో వచ్చి మావయ్యతో చెప్పాను.

"పోనీలేరా, నీకు బావుంటుంది. చిన్నవాడివి" అన్నారాయన. కాస్త కోప్పడి ఉంటే బాగుండేది. అంత మామూలుగా అనేసరికి నేను ఆయన ముందున్న వేరుశెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టాను.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. స్వెటర్ నాలాంటివాళ్లు ఇద్దరు దూరేంత వెడల్పవుతోంది. "అత్తయ్యా, వదులుగా లేదూ?" అంటే, "ఉతికితే కుదించుకుపోతుందిరా" అంది. నేను నమ్మాను. గుమ్మం తోరణం ఉతకగా ఎప్పుడూ చూడలేదు మరి. ఒక పూట మాత్రం, ఈవిడ నన్ను మేపి ఆ కొలతకి తేవాలని చూస్తోందేమోనని అనుమానం వచ్చి ఒక గరిట అన్నం తక్కువ పెట్టించుకున్నాను.

సంక్రాంతి వెళ్లిన తర్వాత, పొగమంచు ముసురు పట్టి పట్టి ఒక ఆదివారం మంచి ఎండ కాసింది. అందరూ మేడలెక్కారు. అత్తయ్య కిందనుంచి స్వెటర్ మడతపెట్టి తీసుకొచ్చింది. దానితోపాటు కలరా ఉండల వాసన వచ్చింది. నేను చేతులు చాచి లేచి నిలబడ్డాను. ఆవిడ నన్ను దాటుకుని వెళ్లింది.

"ఏవండీ, ఆ తువ్వాలు తీసెయ్యండి" అంది.

మావయ్య తువ్వాలు తీశారు, శాలువా తీశారు, కోటు తీశారు. అన్నీ తీసేసరికి ఆయన ఇంత చిన్న మనిషా అనిపించింది, పొట్ట మినహాయిస్తే. స్వెటర్ తలమీంచి దిగి పొట్ట మీద కుదురుగా కూర్చుంది. ఒళ్లు నెమలికంఠం రంగు. చేతులు మాత్రం ఇటుకరంగు. మావయ్య ఆ చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయారు. అప్పుడు ఊడదీసిన ఊలే. ఇన్నేళ్లూ ట్రంకుపెట్టె అడుగున దాచిందన్నమాట.

ఇంతలో పక్క మేడ మీదనుంచి బీజీ కేక పెట్టింది. "అరే భాయీసాబ్, ఏక్ బాజూ లంబీ హై!"

నిజమే. ఎడమచెయ్యి పొడుగు. ఎంత పొడుగో నాకు టేపు అక్కర్లేదు. అత్తయ్య రెండు చేతులూ కట్టుకుని, గడ్డం కాస్త ఎత్తి, ఆయన్నే చూస్తూ నిలబడింది. మావయ్య కలరా ఉండల ఘాటుకి ఒకసారి తుమ్మారు. కుడిచేత్తో ఎడమచేతి అంచు నెమ్మదిగా ఒక మడత పైకి మడిచారు. అద్దంలో చూసుకున్నట్టు రెండు చేతులూ ముందుకి చాపి చూసుకున్నారు.

"లంబీ నహీ హై, బీజీ" అన్నారు గట్టిగా. "బిల్కుల్ ఠీక్ హై."

అత్తయ్య "టీ పెడతాను" అని గబగబా మెట్లు దిగిపోయింది. నేను వెనకాలే వెళ్లాను. పొయ్యి వెలిగించకుండానే గిన్నెలో చెంచా తిప్పుతోంది. ఎలా తెలిసిందత్తయ్యా అని అడిగితే, కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. "నువ్వు కొనుక్కుంటే నలుపో బూడిదరంగో తెచ్చుకునేవాడివి. ఆ రంగు ఆయన తప్ప ఎవరు ఏరతారురా? ఆయన అడగరు. అడక్కపోతే నేను అల్లను. మధ్యలో నువ్వు దొరికావు" అంది. "మరి చెయ్యి?" అన్నాను. "ఆయన అనుకున్నట్టే ఉండాలి కదా" అంది.

మావయ్య ఆ మడత తర్వాత ఏనాడూ విప్పలేదు. ఇప్పుడు నాకూ ఇక్కడే సొంత ఇల్లు, సొంత మేడ, ఎండలో నాకు తెలియకుండా పట్టే కునుకులు. ఆ మరుసటి చలికాలం అత్తయ్య నాకూ ఒక స్వెటర్ అల్లింది, నల్లటిది. ఇప్పటికీ అదే వేసుకుంటాను. దాని రెండు చేతులూ సరిసమానం. వచ్చిన రోజునే గదిలో తలుపేసుకుని టేపుతో కొలిచి చూసుకుని తెగ మురిసిపోయాను. కుర్రతనం. ఇప్పుడు ఎప్పుడైనా ఆ చేతులు పక్కపక్కన పెట్టి చూసుకుంటే, పావు అంగుళమైనా తేడా ఉంటే బావుండేదేమో అనిపిస్తుంది.