బుర్సు కోటు

ఓక్తావియన్ నెయాగో తండ్రి సిబియు పట్నంలో దర్జీ. తాగినప్పుడు కుట్టుమిషను మీదే తల వాల్చి ఏడ్చేవాడు. ఆ తండ్రి మీద ఓక్తావియన్ రాసిన కథలన్నీ పత్రికల నుంచి గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొచ్చేవి. విసిగిపోయి ఒకసారి కథలో తండ్రి చేతిలోంచి కత్తెర తీసేసి సుత్తి పెట్టాడు. రాగి బానలు కొట్టే రోమా జిప్సీల ఇంట్లో తాను పుట్టినట్టు రాసి, కింద యాంకో కల్డరార్ అని సంతకం చేశాడు. ఆ కథ వెంటనే అచ్చయింది. తర్వాత పుస్తకాలు, సన్మానాలు వచ్చాయి. మీసం పెంచాడు, పెద్ద అంచుల టోపీ కొన్నాడు. నన్నడిగితే అది దొంగతనమే. అతను మాత్రం ప్రేమ అనుకున్నాడు.

రాగిపని చేసే బుర్సుకు చదువు రాదు. యాంకో పుస్తకాలు కూతురి చేత చదివించుకునేవాడు. అతను పోయాక ఆరు వారాల పెద్దభోజనానికి రమ్మని భార్య జంబిలా యాంకోకు కబురు పెట్టింది. యాంకో పొంగిపోయి వెళ్లాడు.

జంబిలా అతన్ని లోపలికి పిలిచి, మంచం మీద పరిచిన కొత్త సూటు చూపించింది.

"తొడుక్కో తమ్ముడూ. నీదీ మా ఆయనదీ ఒకటే కొలత, ఒకటే ఈడు."

"నేనా?"

"ఇంకెవరు? మనవాడొకడు వేసుకుని బల్ల దగ్గర కూచుంటేనే గదా ఆ బట్టలు ఆయనకు అందేది. మన జాతి కాని గాజో ఎవడన్నా వేసుకున్నాడనుకో, పరాయోడి పాలే. ఆయన అక్కడ చలికి వణకాల్సిందే."

యాంకో ఒక చెయ్యి కోటులో దూర్చి ఆగిపోయాడు. కథలో చచ్చినవాళ్లకు చలి వెయ్యదు. బుర్సు కథలోవాడు కాడు.

"అక్కా, నేను మీవాణ్ణి కాను."

"ఏ తెగైతే ఏంలే, వేసుకో."

"తెగ కాదక్కా. నేను గాజోనే. మా నాన్న దర్జీ."

జంబిలా మంచం మీద కూలబడింది.

"సుత్తి పట్టుకుని ఏడ్చే నాన్న ఉన్నాడే, ఆ ముక్క విన్నప్పుడల్లా మా ఆయనా ఏడ్చేవాడు. అదీ అబద్ధమేనా?"

"ఏడుపు నిజమే. అది మా నాన్నదే."

"మరి కన్నతండ్రిని మాకెందుకు అంటగట్టావయ్యా? మా పేరు నీకు కూడు పెట్టింది, సరే. మీ నాన్నకేం మిగిల్చావు?"

ఇందాకటి తమ్ముడు ఇప్పుడు అయ్యా అయ్యాడు. యాంకో కోటులోంచి చెయ్యి బయటికి తీసుకున్నాడు.

బక్కపలచని బంధువొకడికి ఆ సూటు తొడిగారు. కోటు చేతులు వేళ్లను మింగేస్తున్నా, అతన్ని బల్ల మొదట్లో కూచోబెట్టి "తిను బుర్సూ" అన్నారు. తలదించుకుని గేటు వైపు నడుస్తున్న యాంకోకు వెనక నుంచి జంబిలా గొంతు వినిపించింది.

"ఆ గాజోకి పళ్లెం ఇవ్వండి. ఆకలితో పోనివ్వకండి."

గాజో అన్న మాటతో అతను పుస్తకాల్లో ఎందరినో వెక్కిరించాడు. ఆ మాటతో తనను మొదట పిలిచింది మాత్రం ఈమే.

బుర్సు కూతురు పళ్లెం తెచ్చింది. ఇన్నాళ్లూ అతని కథలు చదివిన పిల్ల, ముఖం కేసి చూడకుండా అడిగింది.

"ఇంతకీ ఎవరి కొడుకువి?"

అతను పళ్లెం అందుకున్నాడు.

"దర్జీ నెయాగో కొడుకుని."