కొండ మెట్ల మీద సైకాలజీ

చదివింది బుర్రకెక్కకపోతే తప్పంతా బుర్రదేనని గట్టిగా నమ్మిన రోజులవి. ఇప్పుడు చిత్తూరులో పిల్లలకు పాఠాలు చెబుతూ, కళ్ళజోడు ఎక్కడ పెట్టానో రోజుకు నాలుగుసార్లు వెతుక్కునే నాకు అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వూ జాలీ కలిసి వస్తాయి. తిరుపతిలో డిగ్రీ చదివేటప్పుడు అన్నీ పాసై సైకాలజీ ఒక్కటే తప్పాను. (మనసు గురించిన పేపరే పోయినందుకు ఇంట్లోవాళ్ళు నా మనసు మీదే అనుమానపడ్డారు.) గుడ్డలంగడి నడిపే మా నాయన కోప్పడలేదు గానీ, సప్లిమెంటరీలో కూడా పోతే చదువు చాలించి అంగట్లో కూర్చోమన్నాడు. నాకేమో టీచరు కావాలని ప్రాణం కొట్టుకుంటోంది.

ఆ పుస్తకంలోనే ఒక ఉపాయం దొరికింది. గుర్తుంచుకోవలసినవాటిని మనకు బాగా తెలిసిన దారి పొడవునా వరుసగా పెట్టుకుంటూ పోవాలట. తర్వాత మనసులో ఆ దారిన నడిస్తే అన్నీ కనబడతాయట. నాకు తెలిసిన దారి ఒకటే. ఏటా మా అవ్వతో అలిపిరి నుంచి కొండెక్కేదాన్ని. ఆమె ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టేది కాబట్టి మాకు పొద్దంతా పట్టేది, ఒక్కో మెట్టు ముఖం నాకు కంఠతా వచ్చేసింది. పాదాల మండపం దగ్గర స్పృహ అంటే ఏమిటో పెట్టాను. గాలిగోపురం దగ్గర నేర్చుకోవడం, జింకల పార్కులో నిద్ర దశలు. మత్తుపదార్థాలు చివరి పాఠం కాబట్టి, మోకాళ్ళ పర్వతం దాటాక కొండపైన పెట్టి నిశ్చింతగా పరీక్షకు పోయాను.

నిద్ర ప్రశ్న వచ్చింది. జింకల మధ్య నుంచి ఏరుకొచ్చి రాసేశాను. తప్పనిసరి ప్రశ్న మాత్రం మత్తుపదార్థాల మీద. కళ్ళు మూసుకుని పైదాకా ఎక్కాను. అక్కడేమీ లేదు. మళ్ళీ కింద నుంచి ఎక్కి చూసినా లేదు. అంగట్లో బల్ల మీద కూర్చుని చీరలు మడతపెడుతున్న నేనే నాకు కనబడ్డాను. అప్పుడు వెలిగింది. బీడీలు, సిగరెట్లు, మందుసీసాలు కొండకు తీసుకుపోకూడదని చిన్నప్పటినుంచీ విన్నదాన్ని. నా మనసు ఆ పాఠాన్ని అలిపిరి తనిఖీలోనే వదిలేసి పైకెక్కింది. గబగబా మెట్లు దిగడం మొదలుపెట్టాను. పాపం, కళ్ళు మూసుకుని తల ఊపుతున్న నన్ను చూసి కాపలా సారు దగ్గరికొచ్చినాడు.

"ఏం పాపా, నిద్రొస్తా ఉండాదా?"

"లేదు సార్, దిగతా ఉండాను."

ఆయన ఏమనుకున్నాడో ఏమో, నీళ్ళు తెప్పించి పక్కన పెట్టి, ఇంక నా జోలికి రాలేదు. మనసులో కిందిదాకా దిగేసరికి, తనిఖీ బల్ల దగ్గర మా చిన్నాయన నిలబడి ఉన్నాడు. ఒక ఏడు నిజంగానే ఆయన మొలలోంచి బీడీకట్ట తీసి, చంటిబిడ్డను వదిలినట్టు అక్కడ వదిలి వచ్చాడు. ఆ బీడీల పక్కనే హుషారెక్కించేవి, జోకొట్టేవి, లేనివి చూపించేవి అన్నీ వరుసగా ఉన్నాయి. గంట కొట్టేదాకా రాశాను.

పాసయ్యాను. మొక్కు తీర్చుకోవడానికి అవ్వతో బయల్దేరి, దారిలో జరిగిందంతా చెప్పాను. దేవుడి మెట్లను నోటుపుస్తకం చేసినందుకు తిడుతుందేమోనని భయం. ఆమె పసుపు వేలు పైకెత్తి పట్టుకుని ఆలోచించింది.

"ఈ మెట్టు మింద ఏమన్నా పెట్టినావా పాపా? బొట్టు పెట్టొచ్చునా?"

పైదాకా అలాగే అడుగుతూ ఎక్కింది, నా పాఠం చెరిగిపోతుందేమోనని. అంత మర్యాద నా చదువుకు ఏ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

ఇప్పుడు అవ్వకు మోకాళ్ళు సహకరించడం లేదు. మొన్న ఆమె కట్టిచ్చిన కుంకుమ పొట్లంతో ఒక్కదాన్నే ఎక్కాను. గాలిగోపురంలో గాలే ఉంది, జింకల దగ్గర జింకలే ఉన్నాయి. ఇంకా పైన ఒక మెట్టు ముందు మాత్రం ఆగిపోయాను. ఇక్కడేదో పెట్టాను, ఏమిటబ్బా అది? వెనకవాళ్ళు పక్కకు తప్పుకుని పోతున్నారు. ఎంతకీ గుర్తురాలేదు. మరపు గురించిన పాఠమే అయ్యుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకుని, బొట్టు పెట్టి పై మెట్టెక్కాను.