మౌలాలి దవడలో దూది

మౌలాలి నోటి వాసన గురించి చెప్పకుండా మౌలాలి గురించి చెప్పలేను. కుళ్ళిన మాంసం వాసన. మా ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు కూడా కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు.

ఆయనది సత్తెనపల్లి. తాతల నాటి నుంచీ దూది ఏకి పరుపులు కుట్టడమే పని. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ కుట్టేదాకా అన్నం తినడని భార్య జోహరాబీ చెప్పేది. దూది దుమ్ము గొంతులోకి పోదని ఇరవై ఏళ్ళు కుడి దవడలో గుట్కా దోపుకున్నాడు. ఏ వెధవ చెప్పాడో ఆ మాట! ఆ దవడలోనే కాన్సర్ లేచింది. 2009లో జోహరాబీ ఆయన్ని గుంటూరులో మా ఆస్పత్రికి తీసుకొచ్చింది. ముప్ఫై మూడు రోజులు రేడియేషన్ ఇవ్వాలన్నారు డాక్టరుగారు. మెషీన్ నడిపేది నేను.

తల కదలకుండా, మొహానికి అచ్చుగా జల్లెడలాంటి ప్లాస్టిక్ మాస్కు చేసి బల్లకి బిగిస్తాం. కిరణం వదిలే ముందు ఎక్స్‌రే తీసి, దవడ ఉండాల్సిన చోటే ఉందో లేదో సరిచూడాలి. నోరు తెరిపించి కూడా చూడాలి. అదంతా రోజూ చేయాల్సిందే. మూడు వారాలు చేశాను. తర్వాత పుండ్లు పగిలి చీము, రక్తం, జొల్లు. అదంతా చూడ్డానికి పట్టే ఐదు నిమిషాలు కూడా భరించలేక మొహం పక్కకి తిప్పుకుని మాస్కు బిగించి, ఎక్స్‌రే లేకుండానే కిరణం ఇచ్చి పంపించేశాను. అలా నాలుగు రోజులు.

ఐదో రోజు డాక్టరుగారు వచ్చి నా వెనకే నిలబడ్డారు. ఎక్స్‌రే తీయక తప్పలేదు. చూస్తే కింది దవడ పక్కకి జరిగి ఉంది. మాస్కు విప్పి, "నోరు తెరువు పెద్దాయనా" అన్నాను.

మౌలాలి రెండు వేళ్ళు పెట్టి, రెండు దవడల్లోంచీ దూది ఉండలు బయటికి లాగాడు. ఎర్రగా, పచ్చగా, తీగలు సాగుతూ.

"ఛీ! ఏం పని ఇది?" అని అరిచాను.

"తిండి లేక బుగ్గలు పీక్కుపోయినయ్ సార్. మాస్కు లూజయ్యి లోపల తల ఆడతావుంది. దిండు గలీబు లూజైతే దూది కూరతాం గదా. నాకు తెలిసిన పని అదే."

"నాకు చెప్పొచ్చుగా!"

"దూది పెట్టుకున్న మొదటిరోజే చెబుదామనుకున్నా సార్. మీరు మొహం తిప్పేసుకున్నారు. నోరు తెరిస్తే మీకు వాంతవుద్దేమోనని మూసుకున్నా."

"ఈ నాలుగు రోజుల ఎక్స్‌రేలు ఏవయ్యా?" అన్నారు డాక్టరుగారు కంప్యూటర్లో వెతికి. తీయలేదన్నాను. ఆ దూది ఉండల కంటే రోతగా అనిపించింది నా బతుకు. కొత్త మాస్కు చేయాలి, స్కాన్ తీసి ప్లాను మార్చాలి అని చెప్పి ఆయన విసురుగా వెళ్ళిపోయారు.

మౌలాలి తువ్వాలుతో జొల్లు తుడుచుకున్నాడు.

"సార్, ఆ నాలుగు రోజులదీ పుండు మీదే పడిందా?"

పడిందని చెప్పేద్దామనుకున్నాను. తలుపు దగ్గర జోహరాబీ నిలబడి వింటోంది.

"తెలియదు" అన్నాను. "నేను చూడలేదు."