మొదటి దెబ్బకే వచ్చిన తలుపు

ఈ గుజరాతీ పేట అడాజన్‌లో మా సొసైటీ లిఫ్టుకు ఓపిక తక్కువ. జాలీ తలుపు కాస్త తెరిచి ఉంటే చాలు, "కృపయా దర్వాజా బంద్ కరే" అని మొదలుపెడుతుంది. తలుపుల గురించి నాకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. నా తిండే తలుపుల మీద: కారు తలుపు లోపలి రేకు మీద.

ఆ రేకును వత్తే ఇనుప అచ్చును డై అంటారు. తయారయ్యాక ప్రెస్సులో బిగించి వత్తి చూస్తారు. రేకు మూలల్లో చిరుగుతుంది, అంచుల్లో ముడత పడుతుంది. అచ్చును అరగదీసి మళ్లీ వత్తుతారు. వారాల తరబడి సాగే ఈ తంతు పేరు ట్రయల్. అదంతా ముందే కంప్యూటర్‌లో వత్తి చూడటం నా ఉద్యోగం. రేకు చిరిగే చోటు తెర మీద ఎర్రగా కనిపిస్తుంది. అచ్చు ఆకారం మారుస్తూ ఎరుపు పోయేదాకా కూర్చోవాలి. ఒంటికి శ్రమ ఉండదు, నడుముకు తప్ప.

ట్రయల్ చేసే జట్టులో ఒకాయనను అన్నా అని పిలుస్తాను. ఆయనది సిరిసిల్ల నుంచి వచ్చిన మగ్గాల కుటుంబం. మా ఫ్యాక్టరీ షెడ్డులో తెలుగువాడు ఇంకొకడు దొరికాడని, నా కంప్యూటర్‌ను నాకన్నా ఎక్కువ పొగిడేవాడు. "సేఠ్‌కు చెప్పిన తమ్మీ, మనోడు చూసిండంటే ట్రయల్ గియల్ అక్కర్లేదని!" వదిన చేసిన సర్వపిండి ఆయన చేతుల మీదుగా నా బల్ల మీదికి వస్తుండేది.

మొదటి మంచి రేకు వచ్చిన రోజు ప్రెస్సు ముందు అన్న కొబ్బరికాయ కొట్టడం మా షెడ్డులో ఆనవాయితీ. ఈసారి తలుపు మొదటి దెబ్బకే వచ్చేసింది. చిరుగు లేదు, ముడత లేదు. కొబ్బరికాయా లేదు, అంత తొందరగా అవసరపడుతుందని ఎవరనుకున్నారు? అన్నే బండేసుకెళ్లి తెచ్చి, నా చేతిలో పెట్టాడు.

"నువ్వే కొట్టు తమ్మీ. ఇది నీ కమాల్."

"మీరు కొట్టాలన్నా."

"నేనేం చేసిన? నిలబడి చూసిన."

కొట్టాను. అదీ మొదటి దెబ్బకే పగిలింది. ఆ రోజు నా ప్రతిభ కాస్త ఎక్కువైంది.

కొన్నాళ్లకే సేఠ్ ట్రయల్ జట్టును ఎత్తేశాడు. నాకు అభినందనలు, అన్నకు ప్యాకింగ్‌లో తక్కువ జీతం. తర్వాతి డై తెర మీద ఎర్రబడినప్పుడు, ఎరుపుంటేనే ట్రయల్ ఉంటుందని, దాన్ని కాసేపు అలాగే ఉంచి చూశాను. తర్వాత తీసేశాను. అన్న ఎదురైతే ఫోన్ చూసుకోవడం నేర్చుకున్నాను. ఆయన మాత్రం ఎప్పటిలాగే నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. కోప్పడితే ఎంత బాగుండేది!

అన్న షిఫ్టు మారాక సర్వపిండి రావడం ఆగింది. మొన్న ఆదివారం వదినే డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చింది. టీ వద్దంది. లిఫ్టు దాకా వెళ్లాను.

"అన్న ఎలా ఉన్నారు వదినా?"

"ఉన్నడు. డబ్బాలకు టేపు అంటిస్తున్నడు. ఇంటికొస్తే మళ్ల నీ ముచ్చటనే. మా తమ్మి ఒక్క దెబ్బకు తీసిండని ఊరందరికి చెప్తున్నడు."

లిఫ్టులోకి ఎక్కి, తలుపు మూయకుండా పట్టుకుని నిలబడింది. లిఫ్టు తన పాట అందుకుంది. వదిన దాన్ని పట్టించుకోలేదు.

"మంచిగనే చేసినవ్ తమ్మీ, కాదంటలేను. జర ఖరాబ్ చేస్తే ఏమైతుండె?"