రన్ నేర్పిన వెనక దర్వాజ

నా చిన్నప్పుడు నాకు కాలు ఒక దగ్గర నిలిచేది కాదు. సిరిసిల్లలో మా నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాడు. పదో తరగతి ఇంగ్లీషులో తప్పితే బడి మాని నూలు కండెలు చుట్టాల్సిందేనని ముందే చెప్పేశాడు. పరీక్షలు దగ్గరపడేకొద్దీ నేను కాలు కాలిన పిల్లిలా ఇంటికీ వాకిలికీ తిరిగేదాన్ని.

నాకు చదువు చెప్పడానికి ఒప్పుకున్నది పక్కింటి అక్క ఒక్కతే. కోరుట్లలో మేనమామ ఇంట్లో ఉండి పదో తరగతి చదివింది, ఇంగ్లీషులో బడికే మొదటొచ్చింది. తండ్రి పోయాక తిరిగొచ్చి, బీడీలు చేసి తల్లిని సాకుతోంది. ఆమె తమ్ముడు నక్సలైట్ అన్నల్లో కలిసి అడవికి పోయాడు. వాడి జాడ చెప్పమని పోలీసులు ఎప్పుడంటే అప్పుడు వచ్చేవాళ్ళు. ఆ సమయానికి ఇంట్లో ఎవరుంటే వాళ్ళ పేరు రాసుకుని స్టేషన్ చుట్టూ తిప్పేవాళ్ళు. "గా ఇంట్ల కనవడితే నీ పేరెక్కిస్తరు బిడ్డా" అని అమ్మ మొత్తుకునేది. నేను వింటేగా! కండెల భయం ముందు పోలీసుల భయం చిన్నదనిపించింది నాకు.

అక్క మాత్రం నన్ను ఎప్పుడూ వాకిలికి వీపు పెట్టి కూర్చోమనేది. పుస్తకం మీద పేరు రాయనిచ్చేది కాదు. అదేం చాదస్తమో అనుకునేదాన్ని.

ఒక మధ్యాహ్నం నిఘంటువులో 'రన్' అనే మాట చూశాను. ఉరకడం ఒక్కటే నాకు తెలుసు. అక్కడేమో అర్థాలు పేజీ దాటిపోయాయి. ఒళ్ళు మండిపోయి, వాళ్ళకు మాటలు కరువా అని అక్కను నిలదీశాను. అక్క ఒళ్ళోని చాటలో బీడీ ఆకు కత్తిరిస్తూ నవ్వింది.

"మనమేం తక్కువనా? సాంచ నడుస్తది, బస్సు నడుస్తది, ఇల్లు నడుస్తది. దేనికన్న కాళ్ళున్నయా?"

అంతలో నా భుజం మీదుగా వీధిలోకి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"కూసుంటే నీకు రాదు. ఎనక దర్వాజలకెల్లి పో. రన్ అయ్యేటివి పది చూసి రా. పది కాకముందు గడప తొక్కకు."

నాకు కావలసిందీ అదే. వెనక వీధిలో పడ్డాను. సాంచాలు రన్ అవుతున్నాయి. నల్లా నీళ్ళు రన్ అవుతున్నాయి. ఓ పసివాడి ముక్కు రన్ అవుతోంది. ఆరేసిన కొత్త చీర రంగు పక్కనున్న తెల్ల పంచె మీదికి రన్ అయింది. మరో మూడు దొరికేసరికి నా ఓపిక అయిపోయింది. ఏడు చాల్లే అని వెనక్కి తిరిగాను.

వెనక దర్వాజ సందులోంచి చూద్దును కదా, లోపల ఇద్దరు పోలీసులు. చాట బోర్లా పడి ఉంది. ఆకంతా బూట్ల కింద నలుగుతోంది. ఒకాయన చేతిలో నా పుస్తకం. ఇదెవరిదని అడుగుతున్నాడు. నా కాళ్ళు ఉన్నచోటే బిగుసుకుపోయాయి.

"నాదే సార్. ఇంగ్లీషుల తప్పిన. మల్ల పరీక్ష కడ్తున్న" అంది అక్క, తలొంచుకుని.

ఆడపిల్లకు ఇంగ్లీషెందుకని ఆయన నవ్వాడు. రెండోవాడూ నవ్వాడు. అక్క తల ఎత్తలేదు. కాసేపటికి పుస్తకం నేల మీద పడేసి వెళ్ళిపోయారు.

జీపు చప్పుడు దూరమయ్యాక లోపలికి పోయాను. అక్క ఆకులు ఏరుకుంటూ, నన్ను చూడకుండానే అడిగింది.

"ఎన్నయినయ్?"

"ఏడే అక్కా."

"పది కాకముందు రావద్దన్ననా లేదా?"

అక్క మళ్ళీ కత్తెర పట్టింది. నేను కూర్చుని ఆమెతోపాటు ఆకులు ఏరాను. ఆ రోజంతా కదలకుండా కూర్చున్నాను.

ఇంగ్లీషులో గట్టెక్కాను. తర్వాత మల్యాల బడిలో చాలా ఏళ్ళు అదే ఇంగ్లీషు చెప్పాను. రన్‌కు ఎన్ని అర్థాలో నన్నిప్పుడు లేపి అడిగినా చెప్తాను. అయినా ఏ పిల్లయినా తలొంచుకుని తప్పు తనదేనని చెప్తే చటుక్కున నమ్మలేను. ఎవరిని దాస్తోందోనని ఆమె వెనకున్న దర్వాజ వైపు ఒకసారి చూస్తాను.