మొదలాళికి మర్యాద వచ్చిందంటే

విజయరాఘవ రాజాకు కోపం వస్తే మర్యాద పుట్టుకొస్తుంది. కోపం ఎంత పెరిగితే మర్యాద అంత పెరుగుతుంది. తమిళనాట రాజపాళయంలో ఆయన్ని ఎరిగినవాళ్ళు "నువ్వు" అనిపించుకున్న రోజు హాయిగా అన్నం తింటారు. "మీరు" అనిపించుకున్న రోజు చెప్పులు వెతుక్కుంటారు.

ఇంట్లో ఒక తెల్లటి వేటకుక్క ఉంది. అది ఆయన కొత్త చెప్పు నమిలిన రోజున దాని ముందు నిలబడి, "అయ్యా, ఎడమకాలిది కూడా ఆరగించినారా, సాయంత్రానికి ఉంచుకున్నారా?" అని అడిగాడు. కుక్క మంచం కిందికి దూరింది. ఇక ఆయన నోట "పంకజం గారూ" అన్న పిలుపు వినపడిందంటే, ఆయన భార్య సాంబారులో ఉప్పు మరిచిపోయిందని వీధంతటికీ తెలిసిపోతుంది.

సత్రపట్టి దారిలో ఆయనకు బ్లీచింగ్ పట్టరై, అంటే చిన్న ఫ్యాక్టరీ, ఉంది. పనివాళ్ళకు ఆయన మొదలాళి, అంటే యజమాని. ఆసుపత్రుల్లో గాయాలకు చుట్టే పల్చటి కట్టుగుడ్డను అక్కడ తెల్లగా చేస్తారు. ఇన్నాళ్ళూ ఉతికిన నీళ్ళు వెనక వాగులోకి పోయేవి. ఇకమీద చుక్క కూడా బయటికి పోకూడదనీ, శుభ్రం చేసి మళ్ళీ వాడుకోవాలనీ, లేకుంటే కరెంటు తీసి తాళం వేస్తామనీ కాలుష్య నియంత్రణ బోర్డు ఉత్తర్వు వచ్చింది. రాజా తిట్టుకుంటూనే నీళ్ళు శుద్ధి చేసే యంత్రం తెప్పించాడు. ఆనాటి నుంచి దానికి జరిగిన మర్యాద ఏ పెళ్ళిలోనూ వియ్యంకుడికి జరిగి ఉండదు.

గుడ్డ మడతపెట్టే ఆడవాళ్ళకు పెద్ద, సత్రపట్టి జక్కమ్మ. ఇన్నేళ్ళ పనిలో ఆమె ఒక్కసారి కూడా మొదలాళి చేత "మీరు" అనిపించుకోలేదు. పట్టరైకి తాళం పడితే తమ పొయ్యిలన్నీ ఆరిపోతాయని ఆమెకు తెలుసు. అందుకే బోర్డు ఆఫీసరు వస్తుందన్న రోజు ఆమె మొక్కని దేవుడు లేడు.

ఆ ఉదయమే యంత్రం మొరాయించింది. రాజా దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కరెంటు తాగినారు, చోటు తిన్నారు. ఎంతసేపు నోరు మూసుకోని ఉంటారు? ఇంక తెరవండి."

వెనక గంజి తొట్టి దగ్గరున్న జక్కమ్మకు "తెరవండి" ఒక్కటే వినపడింది. మొదలాళి తనను మీరు అన్నాడు. ఏం తప్పు చేసిందో ఆలోచించే ధైర్యం కూడా లేక, చేతికందిన వాల్వు తిప్పేసింది. గుడ్డలోంచి దిగిన గంజి ముందు ఆ తొట్టి అడుక్కి పేరుకోవాలి. అది తిన్నగా వెళ్ళి, అప్పుడే లేచిన యంత్రం జల్లెడల్లో అట్టకట్టింది. గొంతులో లడ్డూ అడ్డంపడ్డ పెళ్ళికొడుకులా యంత్రం గుర్రుమని ఆగిపోయింది. రాజా వెనక్కి తిరిగితే, వాల్వు మీద ఇంకా జక్కమ్మ చెయ్యి ఉంది.

పక్క పట్టరై రవిచంద్రన్ పరుగున వచ్చాడు. "మామా, తొట్టి నిండా మురికినీళ్ళు పెట్టుకోని ఆఫీసరమ్మకి ఏం చూపించేది? ఓస్ పైపు పెట్టి వాగులోకి వదిలేస్తే సరి. ఒక్కనాడుదా. ఎవురు చూస్తారు?"

రాజా కళ్ళు ఎర్రబడ్డాయి.

"రవిచంద్రన్ గారూ, వాగు ఎక్కడికి పోతాదో తమరికి తెలుసునా? ఈ జక్కమ్మ వాళ్ళ బావికి పోతాది. ఆ బావిలో తోడితే నురగ వస్తా ఉండాది. తమరు దయచేసి అక్కడికి పోయి ఒక చెంబు తాగి రండి. ఆమీద ఓస్ పైపు పెడదాము."

రవిచంద్రన్‌కు తన బండి తాళం రంధ్రం కనిపించడానికి చాలాసేపు పట్టింది.

రాజా పని మొత్తం ఆపించాడు. కాసేపటికి ఆఫీసరు తమిళరసి జీపు దిగింది. ఆగిన యంత్రాన్ని చూసి, గంజి వాల్వు ఎవరు తెరిచారని తమిళంలో అడిగింది. ఆడవాళ్ళందరూ నేల చూశారు. జక్కమ్మ గంజి అంటిన చేతులు కొంగుతో తుడుచుకుంది. ఇక "జక్కమ్మ గారూ" అని వినడమే తరువాయి.

"నాన్‌దాన్" అన్నాడు రాజా. నేనే అని.

జక్కమ్మ ఏదో చెప్పబోయింది. "నువ్వు గమ్మునుండు. పోయి కాఫీ తీసుకోని రా" అని కసిరాడు. తర్వాత తన ఛాతీ మీదే వేలు పెట్టుకుని తెలుగులో అందుకున్నాడు.

"విజయరాఘవ రాజా గారూ, తమరికి బుద్ధి ఉండాదా? యంత్రానికి చెప్పేది మనిషికి వినపడేట్టు చెప్తారా? భుజాల మీద తలకాయ అని ఒకటి మోస్తా ఉండారే, అందులో ఏం పోసుకున్నారు, గంజినా?"

తెలుగు రాని తమిళరసి, ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని వెనక్కి తిరిగి చూసింది.

ఎవరూ లేరు. ఆమె నడిచి వెళ్ళి వాగు చూసింది. పొడిగా ఉంది. తొట్టి చూసింది. అంచుదాకా ఉంది. జల్లెడలు కడిగి యంత్రం నడిచేదాకా గుడ్డ తడపవద్దనీ, మళ్ళీ వచ్చి చూస్తాననీ, ఇప్పటికి తాళం వేయడం లేదనీ చెప్పింది. జీపు ఎక్కబోతూ తమిళరసి చేతులు జోడించి, "సార్, నీంగ రొంబ నల్లవర్" అంది. "నీంగ" అంటే మీరు. మీరు చాలా మంచివారని అర్థం.

జీపు మలుపు తిరిగింది. రాజా ముఖం మాత్రం వాడిపోయింది. కాఫీ గ్లాసుతో వచ్చిన జక్కమ్మను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏ జక్కమ్మా, ఆ పిల్లకి నా మీద ఇంకా కోపం పోలేదా? నీంగ అనేసి పోయిందే."